తాడిపత్రిలో ఒక ఖాళీ గది

మా వీధిలో ఏదీ తెల్లగా ఉండదు.
బండల పాలిష్ మిషన్లు తిరిగే వేళ
పాలగిన్నె మూత మీద, పసిదాని రెప్పల మీద,
ఆరేసిన చీరల మడతల్లో
బూడిదరంగు రాతిపిండి.

ఇట్లాంటి చోట
దుమ్ము లేని గది ఒకటి కాపాడుతున్నాను,
ఐదేళ్ళుగా.
వెడల్పు రెండు గిగాబైట్లు.
కిటికీ లేదు.
లోపల పని జరిగేంతసేపు
నెట్ తీగ కూడా పీకేస్తాను.

మా లినక్స్ చిన్నది.
ఎనిమిది వందల ప్యాకేజీలు, ముగ్గురం మనుషులం,
పాత కంప్యూటర్లున్న నాలుగైదు బళ్ళు,
గుత్తిలో ఒక జిరాక్స్ అంగడి.
బాగుంటే ఎవరూ ఏమీ అనరు.
ఫాంటు చెడితే మాత్రం
"ఏందక్కా, ఒత్తులన్నీ ఊడిపడినాయి" అని ఫోను.

రాత్రి పదకొండు దాటినాక,
తోటల్లో మోటార్లు ఆగి కరెంటు నిలకడపడినాక
గదిని పడగొడతాను.
పునాది నుంచి మళ్ళీ కడతాను.
కంపైలరు, షెల్లు, రెండు మూడు పనిముట్లు,
అంతే.
ఒక్కో ప్యాకేజీని లోపలికి పంపి
నీకేం కావాలో చెప్పు అంటాను.
చెప్పకపోతే ఇవ్వను.
అడగందే అమ్మైనా పెట్టదంటారే,
ఆ అమ్మను నేను.

బయట, నా మామూలు మెషిన్లో
అన్నీ చక్కగా అయ్యేవి.
అయ్యేవంటే,
ఎప్పుడో ఏదో పనికి నేను తెచ్చిపెట్టుకున్న లైబ్రరీని
మాట చెప్పకుండా వాడుకునేవి,
పక్కింటి కొళాయికి రాత్రిపూట పైపు తగిలించినట్టు.
ఖాళీ గదిలోకి రాగానే గొంతెండి పడిపోతాయి.
తెర నిండా ఎర్రటి అక్షరాలు:
దొరకలేదు. దొరకలేదు.
ఆ పూట నాకు సంతోషం.

పాలిష్ మిషన్ నడిపే ఓబులేసు
ఒకసారి తొంగిచూసి అడిగినాడు:
"ఏమీ లేనిదాన్ని ఇంత జాగ్రత్తగా చూస్తావేమక్కా?"
చెప్పబోయి తడబడినాను.
అతనే అన్నాడు,
"అయితే కేసింగ్ పైపు మాదిరి.
బోరేసేటప్పుడు పైమన్ను లోపల పడకుండా."
ఆరు వందల అడుగులు దింపి
మూడుసార్లు పొడి మట్టే చూసినోడు.
నేను ఇంకేమీ చెప్పలేదు.

మొన్న మాఘంలో తేడా వచ్చింది.
ఆదోనిలో షాహీన్ కట్టిందీ, ఇక్కడ నేను కట్టిందీ
ఒకే కోడు, ఒకే కొలత గది.
వేలిముద్రలు మాత్రం కలవలేదు.
తేదీ బిగించినాం. ఆ గదిలో గడియారం
ఎప్పుడూ ఒకే ఉగాది పొద్దునను చూపిస్తుంది.
ఫైళ్ళ వరస బిగించినాం. భాష బిగించినాం.
మూడు రాత్రులు.
ఆమె వైపు ఎనిమిదో నెల బిడ్డ ఏడుపు,
నా వైపు ఇన్వర్టరు కీచు,
నడుమ ఫోన్లో బైట్లు చదువుకుంటూ ఇద్దరం.

దొరికింది.
కోడును మాటిమాటికీ దింపుకోలేక
బద్ధకానికి గోడకు నేనే పెట్టుకున్న సందు.
ఆ సందులోంచి నా ఫోల్డరు దారి,
ఆ దారిలో నా పేరు,
చౌడేశ్వరి,
ఒక నిఘంటువు ప్రోగ్రాము కడుపులో
కాళ్ళు ముడుచుకుని కూర్చోనుంది.

కాసేపు చూస్తూ ఉండిపోయినాను.
అచ్చులో ఎక్కడా రాని పేరు,
రేషన్ కార్డులో కూడా తప్పుగా పడిన పేరు.
ఎవరి కంటా పడదు గాని,
పామిడి బడిలో ఏ పిల్లో మాట వెతికినప్పుడల్లా
మెమరీలో ఒక్క క్షణం నిలబడి ఉండేది.

సందు మూసేసినాను.

తెల్లారుజామున షాహీన్ చదివింది, నేను చదివినాను.
మొదటి నాలుగు. తర్వాతి నాలుగు.
ఒకటే. ఒకటే.
చివరిదాకా వచ్చినాక ఇద్దరం మాట్లాడలేదు.
బిడ్డ నిద్రపోయినట్టుంది.

బయట ఓబులేసు మిషన్ ఆన్ చేసినాడు.
కీబోర్డు మీద అప్పుడే పిండి.
కొంగుతో తుడిచి,
ఉగ్గాని పొట్లం విప్పుకుని,
రాత్రి కట్టిన గదిని పడగొట్టినాను.